నలగని పుస్తకాలు

గుడ్డ తెలిసినంతగా మా నాయినకు మనుషులు కూడా తెలియరు. కాటన్‌పేటలో మాది తువ్వాళ్ళు, పంచెలు, లైనింగు గుడ్డ అమ్మే హోల్‌సేల్ అంగడి. తానులో ఒక మూల అందుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్క నలుపు నలిపి, చెవి దగ్గర టప్పున లాగి, వెలుతురుకు ఎత్తి చూస్తే చాలు. గంజి ఎంత పెట్టారు, రెండు ఉతుకులకు ఎంత ముడుచుకుంటుంది, రంగు నిలుస్తుందా పోతుందా, అన్నీ చెప్పేసేవాడు. ఈ విద్యలో ఆయనను కొట్టినవాడు మా వీధిలో లేడు. చిక్కల్లా ఎక్కడ వచ్చిందంటే, ఇదే విద్యను ఆయన పుస్తకాల మీద కూడా ప్రయోగించాడు.

మాది తరాలుగా బెంగళూరులో పాతుకుపోయిన తెలుగు కుటుంబం. పొద్దున లేచింది మొదలు ఇంట్లో తెలుగే. తిట్టుకునేది తెలుగులో, నవ్వుకునేది తెలుగులో. చదివేది మాత్రం కన్నడం. అమ్మ వారపత్రికలు కన్నడం, నాయిన రశీదులు కన్నడం, నా బడి కన్నడం. తెలుగు అక్షరాలు వచ్చింది మా అవ్వకు ఒక్కదానికే, అంటే నాయిన తల్లికి. ఆమె మదనపల్లె వైపు నుంచి కోడలిగా వచ్చిన మనిషి. ఒక ఎండాకాలం సెలవుల్లో నేను అంగట్లో అల్లరి చేస్తున్నానని, నల్ల లైనింగు తుండు ఒకటి నేల మీద పరిచి, గుడ్డకు గుర్తులు పెట్టే చాక్‌పీసుతో నాకు అక్షరాలు దిద్దించింది. కన్నడం వచ్చినవాళ్ళకు తెలుగు అక్షరాలు మేనత్త కూతుళ్ళ లాంటివి. ముఖం చూడగానే పోలిక తెలిసిపోతుంది, తలకట్టు ఒక్కటే తేడా. సెలవులు అయ్యేసరికి నాకు చదవడం వచ్చేసింది. చదవడానికి మాత్రం ఇంట్లో అవ్వ పాటల పుస్తకం తప్ప ఇంకేమీ లేదు.

"పాపకు తెలుగు పుస్తకాలు కావల్లంటరా" అని అవ్వ ఒక మాట అన్నది, అంతే. నాయిన ఆర్డర్ల కోసం హిందూపురం, ధర్మవరం, ఆదోని తిరుగుతుండేవాడు. ఆ తడవ వచ్చేటప్పుడు బస్టాండు పక్కన పాత పుస్తకాలవాడి దగ్గర ఆగి, సంచి నిండా తెచ్చాడు. ఆ తర్వాత అదొక అలవాటైపోయింది. అక్కడ ఆయన ఎలా ఏరుతాడో నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఒకసారి నన్నూ వెంట తీసుకుపోయాడు. పేరు చూడడు. అట్ట మీద ఉన్నది కూడబలుక్కోలేక కాదు, కన్నడం వచ్చిన మనిషికి ఆ మాత్రం కష్టం కాదు.

"పేరు చూడవా నాయినా?" అని అడిగాను.

"లేబులు చూసి గుడ్డ కొంటారా పాపా ఎవరన్నా? లేబులు ఎవడన్నా అంటిస్తాడు. మాలు చూడల్ల, మాలు" అన్నాడు.

కాగితం నలిపి చూశాడు. కుట్టు లాగి చూశాడు. వాసన కూడా చూశాడు, నా తండ్రి! మూలలు మడతపడినవి, వేలిముద్రల మరకలు ఉన్నవి, వెన్ను విరిగినవి తీసి అవతల పెట్టేశాడు. "ఇది నలిగిన మాలు. ఎవరెవరో పట్టినారు" అన్నాడు. ఒక్క మడత లేకుండా, కరకరలాడుతూ, అప్పుడే కట్ట విప్పిన తానులా ఉన్నవాటినే ఏరి సంచిలో వేసుకున్నాడు.

ఇప్పుడు మీరే చెప్పండి. పాత పుస్తకాల అంగట్లో ఒక్క మడత కూడా పడకుండా మిగిలే పుస్తకం ఏదై ఉంటుంది? ఎవరూ చదవనిది! జనం ఎగబడి చదివినవన్నీ నలిగి, చిరిగి, అట్టలు ఊడి ఉంటాయి, నాయిన వాటిని వేలితో కూడా తాకడు. అలా రాయలసీమ బస్టాండుల్లో ఏ పుణ్యాత్ముడూ తెరిచి చూడని తెలుగు పుస్తకాలన్నీ ఏరికోరి మా ఇంటికి చేరాయి.

ఏమేం వచ్చాయో చెబితే నవ్వుతారు. ఎవరో మనవడు రాసిన జీవిత చరిత్ర ఒకటి, తాతది కాదు, తాత కట్టించిన బియ్యపు మిల్లుది. ఒక నవల మూడో భాగం, మొదటి రెండు ఏ గంగలో కలిశాయో తెలియదు. తీర్థయాత్రలకు పోయి, గుళ్ళ సంగతి వదిలేసి, ఏ స్టేషనులో ఇడ్లీ ఎంత పులిసిందో రాసుకుంటూ పోయిన ఒక పెద్దాయన పుస్తకం. బావి ఎక్కడ తవ్వితే నీళ్ళు పడతాయో చెప్పే పద్యాలు. వేరే గతి లేదు గనక చదివాను. చదివి చదివి వాటి మీద ప్రాణం పెట్టుకున్నాను.

అన్నిటిలోకీ నాకు ముద్దైనది గేదెల జబ్బుల పుస్తకం. రాసినాయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. మొదట్లో బుద్ధిగా గొంతువాపు గురించి మొదలుపెడతాడు. నాలుగు పేజీలు తిప్పేసరికి ఆయన బామ్మర్ది వచ్చేస్తాడు. ఆ బామ్మర్ది ఒక కుంటి గేదెను నడిపించి చూపించకుండా, కట్టేసి ఉన్నప్పుడు చూపించి ఈయనకు అంటగట్టాడు. ఇక చూడండి, జబ్బు ఏదైనా సరే, మందు చెప్పి, వెనకే బామ్మర్దిని ఒక తిట్టు తిట్టి గానీ ఈయన ముందుకు కదలడు. గిట్టల పుండ్ల దగ్గర బామ్మర్ది. పొదుగువాపు దగ్గర బామ్మర్ది. చివరికి ఊరి పెద్దలతో పంచాయితీ. అందరూ వచ్చి కూర్చున్నారని రాసి, తీర్పు ఏమిటో రెండో ముద్రణలో చెబుతానని పుస్తకం ముగించేశాడు. రెండో ముద్రణ ఎక్కడిది, ఆయన మొహం! మొదటిదే ఎవరూ ముట్టుకోలేదాయె.

నవ్వుకోవడానికి మాత్రమే అయితే ఒకసారి చదివి వదిలేసేదాన్ని. మధ్యలో ఒకచోట ఆయన మందులేని జబ్బులన్నీ ఒక వరసలో చెప్పుకొచ్చాడు. వీటికి చేయగలిగిందల్లా పశువు పక్కన కూర్చుని మెడ మీద చేయి వేసి ఉండడమేనని రాశాడు. అది కూడా మందే అన్నట్టు, పూటకు ఎంతసేపు వేయాలో, ఏ వైపు కూర్చోవాలో వివరంగా రాశాడు. అవ్వ మంచాన పడినప్పుడు నేను ఆమె దగ్గర అలాగే కూర్చున్నాను. నాకు ఇంకేం చేయాలో తెలియలేదు, కాంపౌండరు చెప్పింది చేశాను. అవ్వ కళ్ళు మూసుకుని పడుకునేది.

ఇంత మంచి కాంపౌండరు గురించి చెప్పుకోవడానికి ఒక్కరంటే ఒక్కరు లేరు. బడిలో స్నేహితురాళ్ళకు తెలుగు చదవడం రాదు. అమ్మకు వంటింట్లో చెప్పేదాన్ని. ఆమె ఊఁ కొడుతూ, ఒకరోజు పప్పు ఎనుపుతూ ఎనుపుతూ ఆగి, "ఆ బామ్మర్ది ఇంగా ఆ ఊర్లోనే ఉండాడా? అట్లాటోనికి పిల్లనెవరిచ్చినారే?" అని అడిగింది. అది పుస్తకమని అప్పుడు తెలిసి, "థూ, పుస్తకమా! నాయిన గిరాకీ ఎవరో అనుకోని, సుమ్నే, ఊరికే ఇన్ని దినాలు ఆ ఎనుముకోసం బేజారు పడితిని!" అని గరిటె విసిరినంత పని చేసింది. అయినా వినడం మానలేదు.

నాయిన లోపల ఏముందో ఎప్పుడూ అడగలేదు. సంచి దించాక రెండు మూడు రోజులు ఆగి, "ఎట్ల ఉండాది పాపా మాలు?" అనేవాడు.

"చానా బాగుండాది నాయినా!" అనేదాన్ని, ప్రతిసారీ. ఆయన తల ఊపి, "పాపకు కాఫీ ఇయ్యి" అని అమ్మకు కేకేసేవాడు. అది ముద్దు చేయడమనుకుని నేను ఆ కాఫీ తాగేదాన్ని.

కాలేజీకి వచ్చాక సాయంత్రాలు అంగట్లో కూర్చునేదాన్ని. పల్లెల నుంచి చిన్న అంగళ్ళవాళ్ళు సరుకుకు వచ్చేవాళ్ళు. ఒకాయన గుడ్డ పట్టుకుని, "అప్పా, చానా బాగుండాది, ఫస్ట్ క్లాసు" అని పొగిడితే, నాయిన "టీ చెప్పప్పా ఈయనకు" అని వెంటనే తాను మడిచేసేవాడు. ఇంకొకాయన మొహం చిట్లించుకుని, "ఏమప్పా ఇది, అంచు యాడికో పోతాంది, నూలు మోటు, ఉతికితే రంగు నిలస్తాదా?" అని సాధిస్తే, టీ మాటే ఎత్తకుండా, ఎన్ని తానులు కట్టమంటావని అడిగేవాడు. నాకు విడ్డూరంగా ఉండేది.

"మెచ్చుకునేటోడు పోయేటోడు పాపా. వంక పెట్టేటోడే కొనేటోడు" అన్నాడు ఒకసారి. "ఇంటికి తీసుకుపోయేటోనికే గదా ఆ మాలు దిగులు."

రెండువేల సంవత్సరం దాటాక నాకు బెళ్ళందూరులో ఉద్యోగం వచ్చింది. కాటన్‌పేట నుంచి అక్కడికి పోవడం అంటే ఊరు మారినంత పని. బస్సులో నిలబడి, కూర్చుని, కునికి, గేదెల పుస్తకం సంచిలోంచి తీసి చదువుకుంటూ పోయేదాన్ని. ఆఫీసులో సగానికి సగం ఆంధ్రా, తెలంగాణ నుంచి వచ్చిన తెలుగువాళ్ళే. నా ప్రాణం లేచి వచ్చింది. తెలుగు చదివేవాళ్ళు! ఇంతమంది! మొదట నా 'ఉండాది' విని పడి పడి నవ్వారు, పోనీలే అనుకున్నాను. భోజనాల దగ్గర పుస్తకాల మాట వచ్చింది. వాళ్ళు చెప్పే పేర్లలో ఒక్కటీ నేను వినలేదు. నేను చెప్పేవి వాళ్ళెవరూ వినలేదు. "గేదెల జబ్బులా?" అని ఒకడు అన్నం పొలమారి దగ్గాడు. నేనూ నవ్వాను గానీ లోపల చురుక్కుమంది.

వాళ్ళలో బ్రూక్‌ఫీల్డ్ నుంచి వచ్చే ఒక అక్క ఉండేది, నాకంటే రెండు మూడేళ్ళు పెద్దది. మంచి మనిషి. అందరూ చదివే పుస్తకాలు తెచ్చి ఇచ్చింది. చదివాను, బాగున్నాయి, కొన్నిటికి ఏడ్చాను కూడా. కానీ ఆ పుస్తకాలకు నా అవసరం ఏముంది? వాటిని ప్రేమించేవాళ్ళు ఊరూరా ఉన్నారు. కాంపౌండరుకు నేను తప్ప ఎవరున్నారు?

ఒక ఆదివారం ఆ అక్కను ఇంటికి భోజనానికి పిలిచాను. అమ్మ చిత్రాన్నం, ఒబ్బట్లు చేసింది. భోజనం అయ్యాక నాయిన తానే ముందు నడిచి, నా పుస్తకాల బీరువా తలుపులు బార్లా తెరిచాడు. "మా పాప పుస్తకాలు. అన్నీ నేనే ఏరి తెచ్చినా" అన్నాడు. ఆయన గొంతులో అంత గర్వం నా డిగ్రీ అప్పుడు కూడా వినలేదు.

అక్క ఒకటి తీసింది, ఇంకొకటి తీసింది. మిల్లు జీవిత చరిత్ర దగ్గరకు వచ్చేసరికి ఇక ఆపుకోలేకపోయింది. కళ్ళ నీళ్ళు వచ్చేట్టు నవ్వింది. "అంకుల్, ఇవన్నీ ఎక్కడ కలెక్ట్ చేశారండీ బాబూ! సారీ అంకుల్, అసలు వీటిని ఎవ్వరూ చదవరు. చూడండి, ఒక్క పేజీ కూడా నలగలేదు. మంచి బుక్ అయితే చేతులు మారి మారి చిరిగిపోయి ఉంటుంది. సెకండ్ హ్యాండ్‌లో ఇంత ఫ్రెష్‌గా ఉందంటేనే డౌట్ పడాలి అంకుల్."

ఆమె మనసులో ఏమీ లేదు, ఒట్టు. అమ్మ కూడా నవ్వింది. నాయిన కూడా, "ఔనా అమ్మా, నాకేం తెలుసు" అని నవ్వాడు. ఆ పుస్తకాలు నలగలేదంటే నేను చదవక కాదు. చేతులు తుడుచుకుని గానీ మాలు ముట్టుకోకూడదని అంగట్లో నేర్పిన అలవాటు, అందుకే అవి అలా ఉన్నాయి. ఆ మాట నేను చెప్పేలోపే నాయిన ఒక పేజీ మూల వేళ్ళ మధ్య పెట్టి నలిపి, పుస్తకం మూసి, బీరువా తలుపులు దగ్గరికి వేశాడు.

తర్వాతి తడవ ధర్మవరం నుంచి వేరుశనగ ఉండలు తెచ్చాడు. పుస్తకాలు లేవు. ఆ తర్వాతి తడవా లేవు. అడిగితే, "నాకేం తెలస్తాది పాపా వాటి సంగతి. నువ్వే మంచివి చూసి కొనుక్కో" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు నా మొహం కూడా చూడలేదు. ఇన్నేళ్ళూ కూతురికి పనికిరాని మాలు అంటగట్టానని ఆయన మనసులో పడిపోయింది. కుంటి గేదెను అమ్మిన బామ్మర్దిని తానేనని అనుకుంటున్నాడు. ఆ పుస్తకాలంటే నాకు నిజంగా ఇష్టమని నాయిన నమ్మాలి, నాకు ఇంకేమీ అక్కర్లేదు.

"అన్నీ చానా బాగుండాయి నాయినా, నిజంగా. ఒక్కటి కూడా చెడ్డది లేదు" అన్నాను.

"సరేలే పాపా. కాఫీ తాగు పో" అన్నాడు.

అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకు. ఆయనకు నేను ఇన్నేళ్ళూ పొగిడి, టీ తాగి పోయే గిరాకీని! పోనీ, వంకలు పెడదామా అంటే, కూర్చుని అల్లిన దొంగ వంకలు ఆయన పట్టలేడా? జీవితమంతా వాటి మధ్యనే బతికిన మనిషి.

దీపావళికి ముందు ఇంటికి సున్నాలు వేయించారు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి బీరువా ఖాళీగా ఉంది. నాయిన నడవలో కూర్చుని, పుస్తకాలను గుడ్డ కట్టలు కట్టినట్టే వరసగా పేర్చి, పురికొసతో బిగిస్తున్నాడు.

"పాత కాగితాలు కొనే రద్దీవానికి చెప్పినా పాపా. నలుగురొచ్చే ఇల్లు, నగుబాటు ఎందుకు. బీరువాలో మంచివి పెట్టుకుందువు" అన్నాడు.

నాకు అసలే ముక్కు మీద కోపం. బస్సులో రెండు గంటలు నిలబడి వచ్చాను. ఒళ్ళు భగ్గున మండింది. భుజాన ఉన్న సంచి నేల మీద పడేశాను.

"ఈ మూడో భాగం కూడానా? దీన్ని రద్దీకి వేస్తావా? మొగుడు ఇల్లు విడిచి ఎందుకు పోయినాడో తెలీక చచ్చిపోతాండా నేను! మొదటి భాగంలో చెప్పినాడంట, నాకేం తెలుసు! ఆ యాత్రలాయన చూడు, ఇడ్లీలకు వంకలు పెట్టి పెట్టి, తిరిగొచ్చే దారి రాయనే లేదు. ఇంటికి చేరినాడో లేదో! ఇంగ వీడొకడు, ఈ కాంపౌండరు" అంటూ సంచిలోంచి గేదెల పుస్తకం లాగాను. "నాలుగో పాఠంలో ఆ ఎనుమును సంతలో అమ్మేసినా అంటాడు, తొమ్మిదో పాఠంలో అదే ఎనుము పాలు పిండుతాడు! అబద్ధాలకోరు! పంచాయితీ పెట్టి, అందరినీ కూర్చోబెట్టి, తీర్పు రెండో ముద్రణలో చెప్తానని పోతాడా ఎవడన్నా? కనబడితే చొక్కా పట్టుకుని అడుగుదును. బడికి పోయేటప్పటి నుంచి ఈ మనిషితో నాకు ఇదే రంపాన కోత!"

ఊపిరి తీసుకోవడానికి ఆగాను. నాయిన చేతిలో పురికొస ఎక్కడిదక్కడ ఆగిపోయింది. తల ఎత్తి నన్ను చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. అంగట్లో, అంచు వంకరగా ఉందని సాధించే మనిషి వైపు చూసే చూపు.

"ఇంగేం వంక ఉండాది?" అన్నాడు మెల్లగా.

"ఇంగేం ఉండాదా? కూర్చుంటే తెల్లారేదాకా చెప్తా!"

"అది ఇట్లియ్యి" అని చేయి చాచాడు.

గేదెల పుస్తకం ఇచ్చాను. మిగతావాటిలా అది బీరువాలో ఉండే పుస్తకం కాదు. అవ్వ మంచం పక్కన, బస్సులో, ఆఫీసులో, దిండు కింద ఉండేది. అందుకే అక్క వచ్చిన రోజు కూడా కనబడలేదు. నాయిన ఒక పేజీ మూల అందుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. చప్పుడు రాలేదు. వందసార్లు ఉతికిన పంచెలా ఆ కాగితం ఆయన వేళ్ళలో మెత్తగా ఒరిగిపోయింది. వెన్ను నిమిరాడు, అది విరిగి ఉంది. కాఫీ మరక దగ్గర ఆగాడు.

"నేను తెచ్చినప్పుడు ఇది ఇట్ల లేదే" అన్నాడు. "ఎవరు పట్టినారు దీన్ని ఇంతగా?"

"ఎవరు పడతారు నాయినా? నేనే" అన్నాను. ఏడుపు వచ్చేసింది.

ఆయన కట్టిన కట్టలు ఒక్కొక్కటీ విప్పడం మొదలుపెట్టాడు. ముళ్ళు కోయడు, ఎప్పుడూ విప్పుతాడు. పురికొస వేళ్ళకు చుట్టుకుంటూ, పుస్తకాలు నాకు అందిస్తూ ఉంటే నేను బీరువాలో సర్దుతున్నాను. వంటింట్లోంచి అమ్మ, "ఇంతకీ ఆ పంచాయితీలో ఏం తేల్చినారే?" అని కేకేసింది.

"రెండో ముద్రణలో చెప్తాడంట" అని జవాబిచ్చింది నేను కాదు, నాయిన.

ఆఖరి కట్ట విప్పాక ఆయన గేదెల పుస్తకం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. ఈసారి కాగితం నలపలేదు, వాసన చూడలేదు. కళ్ళద్దాలు పెట్టుకుని, అట్ట మీద మాసిపోయిన అక్షరాల కింద వేలు పెట్టి, మొదటి అక్షరం దగ్గర ఆగిపోయాడు.

"ఇది రాసిన ఆయప్ప పేరేమి పాపా? నాకు ఒకసారి బాగా చెప్పు. ఎల్లుండి ఆదోనికి పోతాండా, లేబులు చూసి అడుగుతా."